గోడవతలి హౌదా

అంజమ్మకు చైనా భాష రాదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, గద్వాలలో ఎవరికొచ్చు గనక. ఇంగ్లీషు కూడా రాదు. హిందీ అంటారా, పండ్ల బండివాడితో బేరమాడి ఓడిపోయేంత వచ్చు. అయినా సరే, చైనా సీరియళ్ల గురించి తనను మించి చెప్పగలిగేవాళ్లు ఇటు అయిజ నుంచి అటు కల్వకుర్తి దాకా ఎవరూ లేరని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి భాగ్యమ్మ ఒక్కతే సాక్షి.

భాగ్యమ్మ సంగతి చెప్పాలంటే ముందు మగ్గం సంగతి చెప్పాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేరువేరు పోగులు. నేస్తూ నేస్తూనే ఆ పోగును ఈ పోగును మెలేసి కలుపుకుంటూ పోవాలి. దాన్ని కుట్టు అంటారు గానీ అందులో సూదీ ఉండదు, దారమూ ఉండదు, చేతులే ఉంటాయి. అది ఒంటి మనిషితో అయ్యే పని కాదు. గుంటలో కాళ్లు పెట్టుకుని నడుమ కూర్చునేది అంజమ్మ, పక్కన పీట వేసుకుని, పట్టుపోగు నడిపే అంచు నాడె అందించేది భాగ్యమ్మ. పెళ్లయి ఈ వీధికి వచ్చినప్పటి నుంచి ఇద్దరూ అట్లాగే కూర్చుంటున్నారు.

ఫోను మగ్గం గుంజకు నూలుపోగుతో కట్టేసి ఉంటుంది, అంజమ్మ వైపు మొహం పెట్టి. అంజమ్మ చేతులకు ఇప్పుడు కళ్లతో పనిలేదు, వాటి దారి వాటికి తెలుసు. భాగ్యమ్మ మాత్రం అంచు మీద నుంచి చూపు లేపితే పోగు తప్పుతుంది. అందుకని అంజమ్మ చూస్తుంది, చూసింది చూసినట్టు చెబుతుంది, భాగ్యమ్మ వింటుంది. ఫోనులో వాళ్లు చైనా భాషలో మాట్లాడుకుంటారు, కింద ఇంగ్లీషు అక్షరాలు గబగబా పోతుంటాయి. అంజమ్మకు ఆ రెండింటితోనూ పనిలేదు. మొహం చూస్తే కోపమో కాదో తెలియదా? నడక చూస్తే అత్తో కోడలో తెలియదా? తెలియదంటే ఆమె ఒప్పుకోదు.

భాగ్యమ్మ పుట్టిల్లు కర్ణాటకలో రాయచూరు పక్క. కథ వినేటప్పుడు అందరూ "ఊఁ" కొడితే ఆమె కన్నడంలో "హౌదా" అంటుంది, అవునా అని. కథలో చావు పడితే ఆ హౌదా మెల్లగా వస్తుంది, పెళ్లి కుదిరితే సాగి వస్తుంది, దొంగ దొరికితే దబ్బున పడుతుంది. అంజమ్మ కథ చెప్పేది నిజానికి ఆ హౌదాల కోసమే. మొగుడు ఈదన్నకు చెప్పి చూసింది ఒకసారి. అతను మధ్యలో గురక పెట్టాడు.

సీరియళ్ల మీద అంజమ్మ అభిప్రాయాలు మామూలువి కావు. దేవలోకం కథ ఒకటి చాలా రోజులు నడిచింది, తెల్లబట్టలు, మబ్బులు, రాలే పూలు. "మూడు జన్మల సంది ఒకరి మొహం ఒకరు చూసుకుంట కూసున్నరే భాగ్యా. ఒక్క ముద్ద తిన్నది లేదు. చాయ్ మీద చాయ్, చాయ్ మీద చాయ్. గంత చాయ్ తాగితే పైత్యం చేయదా?" కత్తుల కథ వచ్చినప్పుడు ఇంకోటి అడిగింది. "గాల్ల ఎగిరెటోనికి గుర్రమెందుకే?" అని. దానికి జవాబు సీరియల్ తీసినవాళ్ల దగ్గర కూడా ఉండి ఉండదు. ఆఫీసు కథల మీద ఆమెకు అస్సలు మంచి అభిప్రాయం లేదు. ఆ అద్దాల మేడలో పని చేసేవాడు ఒక్కడూ కనపడడు, వాన పడుతుంది, గొడుగు పడుతుంది, పిల్లకు జ్వరమొస్తుంది, కంపెనీ ఓనరు దవాఖానకు తీసుకుపోకుండా నుదుటి మీద తడిబట్ట వేస్తాడు. "గంత పైసలున్నోడు డాక్టర్‌ను పిలవడా?"

బట్టల దగ్గరకొస్తే మాత్రం చెయ్యి ఆపి చూసేది. నేతమనిషి కదా. "పట్టు మంచిదే. గని అంచు లేని బట్ట ఏం బట్టనే? మొదలేడున్నదో తుది ఏడున్నదో తెల్వదు."

"హౌదా," అనేది భాగ్యమ్మ.

ఇదీ వాళ్ల లోకం. ఇందులోకి సింధూజ వచ్చింది.

సింధూజ గోడ పక్కింటి కొత్త కోడలు. వనపర్తి పిల్ల, డిగ్రీ చదివింది. మొగుడు ప్రేమ్ కుమార్ పొద్దున్నే బండి వేసుకుని పనికి పోతాడు, సాయంత్రానికి గానీ రాడు. అంత వరకు ఆమెకు తోడు గోడకు తగిలించిన తలుపంత టీవీ. అందులో చైనా సీరియళ్లే వస్తాయని, కింద పోయే అక్షరాలు ఆ పిల్ల గడగడా చదివి తెలుగులో చెబుతుందని వీధిలో అందరికీ తెలిసింది. అంజమ్మకు కూడా తెలుసు. తెలిసినా, అదేదో తనకు సంబంధం లేని వానలాగా వదిలేసింది.

ఒక మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, జర నడుం వాల్చి వస్తానని భాగ్యమ్మ ఇంటికి పోయింది. రోజూ పోయేదే. అంజమ్మ గుంట దగ్గరే కూర్చుని నూలు చుట్టిన కండెలు సర్దుకుంటోంది. గోడవతల టీవీ మోగుతోంది, సింధూజ గొంతు ఏదో చెబుతోంది. ఆ గొంతు ఆగింది. ఆగినచోట, మెల్లగా, చావుకు పలికే పలుకుతో ఒక మాట వినపడింది.

"హౌదా."

అంజమ్మ చేతిలో కండె అట్లాగే ఉండిపోయింది. వీధిలో రాయచూరు మనుషులు ఇంకెవరైనా ఉన్నారా అని ఆలోచించింది. లేరు. గోడకు చెవి పెట్టింది. పెట్టకుండా ఉంటే బాగుండేది. ఇంకో హౌదా వచ్చింది, ఈసారి సాగి. అంటే అక్కడ పెళ్లి కుదిరిందన్నమాట. కడుపులో ఎవరో నిప్పుల కుంపటి పెట్టి విసనకర్రతో విసిరినట్టయింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు.

నడుం వాల్చి వచ్చిన భాగ్యమ్మ మొహంలో నిద్ర ఆనవాలే లేదు.

"నిద్ర పట్టిందా?" అంది అంజమ్మ.

"ఆ, జర పట్టింది అక్కా."

అంజమ్మ నాడె కొంచెం గట్టిగా విసిరింది.

దొంగతనం దాగదు, కడుపు దాగదు అంటారు. మర్నాడే బయటపడింది. ఫోనులో కత్తుల కథ నడుస్తోంది. కొండ మీద మఠం, అందులో పిల్లాడు, పిల్ల. వాళ్లిద్దరూ బావా మరదళ్లని అంజమ్మ ఎప్పుడో తేల్చేసింది. కాకపోతే ఒకే ఇంట్లో పెరిగి, ఒకే కంచం దగ్గర కొట్లాడుకుని, మళ్లీ ఆ చూపులేమిటి? మేనత్త కొడుకే. సందేహం లేదు.

"మరదలు అలిగింది. బావ బతిలాడుతుండు," అంది అంజమ్మ.

హౌదా రాలేదు.

"బావ కాదంట గద అక్కా," అంది భాగ్యమ్మ, అంచు మీద నుంచి చూపు తీయకుండానే. "ఒక్క గురువు దగ్గర నేర్చుకున్నోళ్లంట. ఆమె అతన్ని అన్నా అని పిలుస్తదంట."

మగ్గం ఆగింది.

"ఎవరు చెప్పిన్రు?"

భాగ్యమ్మ నాలుక కరుచుకుంది. "గట్ల... సింధూజ చదివింది. కింద అక్షరాలు వస్తయి గద."

"అన్నను ఎవరన్న చేసుకుంటరా? చెప్పెటోళ్లకు బుద్ధి లేకపోతే వినెటోళ్లకన్న ఉండాలె."

"ఆళ్ల దేశంల గట్ల పిలుస్తరంట అక్కా. వరస కాదంట."

"దానికి అక్షరాలు తెలుసు. మనుషులు తెల్వరు."

మళ్లీ నాడె కదిలింది. భాగ్యమ్మ మాట మార్చుదామనుకుంది పాపం. మార్చి ఊరుకుంటే పోయేది. "ఏమైన గని, దీనికి నేనైతే పదికి ఆరే ఇస్త," అంది.

అంజమ్మకు ఇదెక్కడి భాషో అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. సింధూజ చూసిన ప్రతి సీరియల్‌కూ మార్కులు వేస్తుందట. ఇది ఏడు, అది ఎనిమిది. మార్కులు వేయడానికి అదేమన్నా ఇంటర్ పరీక్షా? ఇన్నేళ్లు చాయ్ మీద చాయ్ అని, గాల్ల ఎగిరెటోనికి గుర్రమెందుకని తను చెప్పినవన్నీ ఇప్పుడు పదికి ఎంత? అడగాలనిపించింది. అడగలేదు. పలికితే ఏడుపొస్తుందని భయం.

ఆ మధ్యాహ్నం ఇద్దరి చేతులూ పలకలేదు. ఈమె విసిరినప్పుడు ఆమె అందుకోలేదు, ఆమె అందించినప్పుడు ఈమె చూసుకోలేదు. పోగులు బిగించే పన్నె దగ్గర ఈదన్న వంగి చూసి, "ఇదేంది, అంచు అంచు లెక్కనే ఉన్నది, చీర చీర లెక్కనే ఉన్నది?" అన్నాడు. జానెడు మేర కుట్టు పడలేదు. నూలుకు, పట్టుకు మధ్య వేలు దూరేంత సందు. అంజమ్మ తన చేతులు ఈ పని చేశాయంటే నమ్మలేకపోయింది. ఇద్దరూ తల వంచుకుని పోగు పోగూ విప్పారు.

ఆ రోజు నుంచి అంజమ్మ మనిషి మనిషి కాదు. గోడవతల టీవీ మోగితే చెవులు నిక్కేవి, మోగకపోతే ఇంకా నిక్కేవి. సింధూజ వాకిట్లో ముగ్గు వేస్తే వంకరగా కనిపించింది. నవ్వితే పళ్లెక్కువ కనిపించాయి. "వనపర్తి నీళ్లే గంత," అంది ఈదన్నతో. అతను బీడీ ఆర్పి, "నీళ్లు ఏం చేసినయే? నీ కడుపుమంటకు కృష్ణ నీళ్లు కూడ సాలవు," అన్నాడు. ఉన్న మాట అంటే ఉలుకెక్కువ. ఆ పూట అతనికి కూరలో ఉప్పు పడలేదు.

అప్పుడే రాజుగారి కోట సీరియల్ మొదలైంది. రాజుకు పెద్దభార్య ఒకతి, కొత్తగా తెచ్చిన చిన్నది ఒకతి. మొదట్లో అంజమ్మకు చిన్నదంటేనే ఇష్టం. "పెద్దామె మొహం చూడు, ఆముదం తాగినట్టు. పాపం ఆ చిన్నదాన్ని ఎందుకు సతాయిస్తదో," అనేది. ఇప్పుడు కథ తిరిగింది. ఫోనులో తిరిగిందో లేదో ఎవరికి తెలుసు, అంజమ్మ నోట్లో తిరిగింది. చిన్నది పువ్వు తెంపితే అందులో మందు పెట్టిందంది. పాట పాడితే వశీకరణమంది. పెద్దామె కోటలో ఒక్కతే కూర్చుని దువ్వెనతో తల దువ్వుకుంటుంటే అంజమ్మ గొంతు మారిపోయేది.

"ఎంత మంచిదే పెద్దామె. గా ఇంటిని నిలబెట్టింది ఆమెనే గద. ఇయ్యాల ఎవతో వచ్చి నవ్వంగనే అందరు ఆడికే ఉరుకుతుండ్రు."

"మొన్ననే పెద్దామెను తిడితివి గద అక్కా," అంది భాగ్యమ్మ.

"మొన్న నాకు తెల్వలే."

భాగ్యమ్మ ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. అంచు మీద నుంచి చూపు తీయడం ఆమెకు అలవాటు లేని పని. తర్వాత మెల్లగా, "హౌదా," అంది. ఆ హౌదా ఏ రకందో అంజమ్మకు తెలియలేదు. తెలియనందుకు ఇంకా మండింది.

కథ చివరికొచ్చింది. రాజు పోయాడు, కోట ఖాళీ అయింది. పెద్దామె ఒక్కతే గదిలో దీపం పెట్టుకుని కూర్చుంది. గడప దగ్గర చిన్నది వచ్చి నిలబడింది, చేతిలో గిన్నె. మూత పెట్టిన గిన్నె. లోపలికి రాదు, వెనక్కి పోదు.

"ఏమున్నది గిన్నెల?" అంది భాగ్యమ్మ. చేతులు ఆగిపోయాయి.

అంజమ్మ ఫోనుకేసి చూసింది. విషమే అని నోటిదాకా వచ్చింది. అంతలో ఆనాటి మధ్యాహ్నం గోడవతల విన్న హౌదా గుర్తొచ్చింది. తను ఏం చెప్పినా ఈ మనిషి సింధూజ దగ్గరకు పోయి నిజమో కాదో చూసుకుంటుంది కదా అనిపించింది. ఆ ఆలోచన రాగానే ఫోను టక్కున ఆపేసింది.

"ఏమో. నాకేం తెల్సు? నేను చదువుకున్నదాననా? పోయి మీ సింధూజను అడుగు."

"గట్లంటవేందక్కా?"

"ఇంకెట్లనాలె? పదికి పది వేసెటోళ్ల దగ్గరికే పో. ఈడ ఏమున్నది నీకు?"

భాగ్యమ్మ నాడె పక్కన పెట్టింది. కొంగు దులుపుకుని లేచింది. గడప దాకా పోయి ఒకసారి ఆగి, వెళ్లిపోయింది.

మర్నాడు భాగ్యమ్మ రాలేదు. ఇన్నేళ్లలో జ్వరమొచ్చినా కబురు పంపేది, ఈసారి కబురు కూడా లేదు. అంజమ్మ గుంటలో దిగి కూర్చుంది. పక్కన పీట ఖాళీగా ఉంది. తనే అటు వంగి అంచు నాడె వేసి, ఇటు వంగి ఒళ్లు నాడె వేసి చూసింది. నాలుగు పోగులకే నడుం పట్టింది. నేసిందాన్ని చూసుకుంటే ఏడుపొచ్చింది. భాగ్యమ్మ రాకపోతే ఈ చీర ఇట్లాగే ఉండిపోతుంది, ఇంకో మనిషిని పెట్టుకుంటే నేత సాగుతుందేమో గానీ హౌదా రాదు. అనవసరంగా నోరు పారేసుకున్నానని మొదటిసారి అనిపించింది. వెంటనే ఆ పిల్ల రాకపోతే ఇదంతా ఎందుకు వచ్చేదని కూడా అనిపించింది.

గోడవతల టీవీ కాసేపు మోగి ఆగింది. చెవి పెట్టకూడదనుకుంది. చెవి తనంతట తానే పోయింది. ఈసారి సింధూజ గొంతు కాదు, భాగ్యమ్మ గొంతు. ఏదో చెబుతోంది, ఆపకుండా చెబుతోంది. పది మాటలు వరసగా మాట్లాడగా అంజమ్మ ఎన్నడూ వినలేదు ఆమెను. మాటలు స్పష్టంగా తెలియడం లేదు. ఆ గొంతు ఆగింది. ఆగినచోట సింధూజ అంది:

"హౌదా?"

అంజమ్మ గుంటలోంచి ఎట్లా పైకొచ్చిందో ఆమెకే తెలియదు. ఎవరి మాట ఎవరి నోట్లోకి పోయింది? మనిషిని తీసుకుంది చాలదా, ఇప్పుడు మాట కూడా కావాలా? చెప్పులు వేసుకోలేదు. కొంగు నడుముకు చెక్కుకుంది. ఇవాళ కడిగేయాలి, వనపర్తికి వినపడేలా కడిగేయాలి అనుకుంటూ పక్కింటి మెట్లెక్కింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయింది.

టీవీ మీద అదే బొమ్మ నిలిపి ఉంది. గడప దగ్గర చిన్నది, చేతిలో గిన్నె. కింద అక్షరాలు కనపడకుండా ఒక తువ్వాలు టీవీకి అడ్డంగా వేలాడదీశారు. చాప మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, వీపులు తలుపు వైపు.

"తువ్వాలు తీస్తనే అత్తమ్మా, పరేషాన్ అయితున్న," అంటోంది సింధూజ. "గిన్నెల ఏమున్నదో ఒక్కసారి చదువుత."

"వద్దు బిడ్డా. నువ్వు చదివితే అదైపోతది. గంతే ఉంటది." భాగ్యమ్మ గొంతు సవరించుకుంది. "నిన్న అక్క ఈడికి ఆపింది. అంతకు ముందుదంతా నీకు చెప్పిన గద, అక్క చెప్పినట్టే. నువ్వు పకపక నవ్వితివి. చాయ్ తోటి పైత్యం చేయదా అన్నది కూడ అక్కనే. మూడు జన్మల కథ నువ్వు చదివి చెప్పినప్పుడు నాకు నిద్రొచ్చె, అక్క చెప్తుంటే ఏడుపొచ్చె. ఏం చేయమంటవు?"

"అయితే ఇప్పుడు అంజమ్మత్త ఏమని చెప్తుండె?"

"గదే చూస్తున్న. ఆగు." భాగ్యమ్మ కళ్లు చిట్లించి బొమ్మకేసి చూసింది. "ఇగో, పెద్దామె లేస్తది. గడప కాడికి వస్తది. లోపలికి రా బిడ్డా అంటది. గిన్నె అందుకుంటది. అందుకుని, పాయె, అయిందేదో అయింది, మనకిద్దరికి ఇంకెవరున్నరు అని కండ్లు తుడుచుకుంటది..."

సింధూజ బుద్ధిగా, నేర్చుకున్న మాటలాగా, "హౌదా," అంది.

గడప మీద అంజమ్మకు ఇది వినడం మహా కష్టంగా ఉంది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. తన కథ పట్టుకెళ్లి ఈ పిల్లకు పంచిపెట్టిందన్న కుళ్లు ఉంది. భాగ్యమ్మ ఇంత బాగా చెప్పగలదని ఇన్నేళ్లూ తెలియనందుకు ఇంకో కుళ్లు. అన్నిటికంటే ఎక్కువగా, చెప్పింది తప్పు. పెద్దామె అట్లా అనే మనిషి కాదు. అంజమ్మకు తెలుసు, ఆమెను ఇన్ని రోజులు లోపల మోసింది తను.

"పెద్దామె గట్ల అనది," అంది గడప మీద నుంచే.

ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. సింధూజ లేవబోయింది. భాగ్యమ్మ లేవలేదు. అంజమ్మ కొంగు నడుముకు చెక్కి ఉండటం చూసింది, కాళ్లకు చెప్పులు లేకపోవడం చూసింది.

"లేవదు. కండ్లు తుడుచుకోదు. గంత అల్కగ మరిచిపోతదా?" అంది అంజమ్మ.

"మరి ఏమంటదక్కా?" అంది భాగ్యమ్మ.

టీవీ మీద చిన్నది ఇంకా గడప దగ్గరే నిలబడి ఉంది, లోపలికి రాకుండా, వెనక్కి పోకుండా. అంజమ్మ ఆ బొమ్మకేసి చూసింది, తన కాళ్ల కింది గడపకేసి చూసింది. లోపలికొచ్చి చాప దగ్గర, ఆ ఇద్దరి మధ్యన నిలబడింది.

"జరుగు, అంటది."

భాగ్యమ్మ జరిగింది.